ఒప్పులకుప్ప తిరగాలంటే ఒంటి బరువు ఎక్కడుండాలి?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



బతుకమ్మ పండుగ దగ్గర పడుతోందంటే మన పట్నం ఆడవాళ్ల మనసు సగం ఇక్కడ, సగం పుట్టింట్లో ఉంటుంది. మొయినాబాద్, చేవెళ్ల వైపు పుట్టిళ్లున్న వాళ్లను అడగండి, చెబుతారు. మెహిదీపట్నం దాటి బీజాపూర్ రోడ్డు ఎక్కితే చాలు, ప్రాణం లేచొస్తుంది. ఊడలు దిగిన పాత మర్రిచెట్లు, బంతి, చేమంతి, గులాబీ తోటలు, బీడు నేలల్లో పచ్చగా పూసిన తంగేడు, చేలల్లో తెల్లగా తలలూపే గునుగు. పట్నంలో కుప్పకు ఇంత అని ధర పెట్టి కొనుక్కునే పూలు, అక్కడ కోసుకున్న వాళ్లకు కోసుకున్నన్ని.

పండుగకు నెల ముందు నుంచే చీర చూస్తాం. రవిక కుట్టించుకుంటాం. తాంబాళం తోమి పెట్టుకుంటాం. కానీ తొమ్మిది రోజులు ఆటలాడవలసిన కాళ్ల సంగతి మాత్రం ఒక్కరమూ ఆలోచించం. ఫలితం ఏమిటి? మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మకు హుషారుగా దిగినవాళ్లు, తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ వచ్చేసరికి మోకాలు పట్టుకుని అరుగు మీద కూర్చుంటారు. నలభై దాటినవాళ్లు చాలామంది అసలు దిగనే దిగరు. "నాకు తల తిరుగుతుందమ్మా, మీరాడండి" అని కుర్చీ లాక్కుంటారు. పోనీ ఆడపిల్లలు ఆడుతున్నారా అంటే, వాళ్లను ఒప్పులకుప్ప తిరగమంటే "పడిపోతాం అత్తా" అని ఫోను పట్టుకుని వీడియో తీస్తుంటారు. పెద్దవాళ్లకు భయం, పిల్లలకు తెలియకపోవడం. ఈ రెండింటి మధ్య ఒక మంచి ఆట మన చేతుల్లోంచి జారిపోతోంది.

అందుకని ఈవేళ ఆ తిరుగుడు గురించే చెప్పుకుందాం. ఇద్దరు కలిసి తిరిగే ఆటలో కాలు ఎలా వేయాలి, ఒంటి బరువు ఏ కాలిమీద ఉండాలి, తల ఎందుకు తిరుగుతుంది, ఎలా ఆగాలి. ఇదేదో నాట్యం నేర్చుకునే వాళ్లకే కావలసిన విద్య అనుకోకండి. వంటింట్లో పొయ్యి దగ్గర నుంచి గిన్నెల వైపు తిరిగినప్పుడు కూడా మనం చేసేది ఇదే పని. సరిగా తిరగడం వచ్చిన మనిషి పండుగనాడే కాదు, తడి బచ్చలింట్లో కూడా పడదు.

ముందు ఒక సంగతి గమనించండి. మనిషి ఎప్పుడూ రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేసి తిరగలేదు. నమ్మకపోతే ఇప్పుడే లేచి చూడండి. రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించి, పక్కకు తిరగబోండి. నడుము తిరుగుతుంది, భుజాలు తిరుగుతాయి, పాదాలు మాత్రం అక్కడే ఉంటాయి. ఆ మెలిక అంతా ఎక్కడ పడుతుంది? మోకాళ్ల మీద. మన మోకాలు తలుపు మడత బందు లాంటిది. ముందుకూ వెనక్కూ మడవడానికి దాన్ని అమర్చాడు భగవంతుడు. పక్కకు మెలితిప్పడానికి కాదు. అటూ ఇటూ తిరిగే పని తుంటి కీలుది. అది గిన్నెలో గుండ్రటి బంతి పెట్టినట్టు ఉంటుంది కాబట్టి ఎటైనా తిరుగుతుంది. పాదం నేలకు అతుక్కుపోయి, ఒళ్లు మాత్రం తిరిగిందా, తుంటి చేయవలసిన పనిని మోకాలి చేత చేయించినట్టే. లోపల రెండు ఎముకల నడుమ మెత్తగా ఉండే మృదులాస్థి నలుగుతుంది. ఒక్కొక్కప్పుడు చిరుగుతుంది కూడా.

కాబట్టి తిరుగుడుకు మొదటి సూత్రం ఇది. బరువు లేని కాలు కదలాలి. బరువున్న కాలు తిరగాలి. ఈ రెండు ముక్కలు గుర్తుంచుకుంటే సగం ఆట వచ్చినట్టే.

బొంగరాన్ని చూడండి. అంత లావు బొంగరం ఒక్క ములికి మీద తిరుగుతుంది. అడుగు బల్లపరుపుగా ఉంటే తిరుగుతుందా? నేలను రాసుకుని రెండు క్షణాల్లో ఆగిపోతుంది. మన కాలికీ ఒక ములికి ఉంది. అది మడమ కాదు, కాలివేళ్ల కొస కూడా కాదు. బొటనవేలు మొదట్లో, అరికాలి ముందు భాగాన లావుగా, మెత్తగా ఒక దిండు ఉంటుంది చూడండి, అదీ మన ములికి. తిరిగేటప్పుడు ఒంటి బరువు అక్కడికి రావాలి. మడమ పూర్తిగా పైకి లేపనక్కరలేదు. మడమ కింద నుంచి ఒక కాగితం జారవిడిచేంత ఎడం ఉంటే చాలు. మరీ పైకి లేస్తే చీలమండ అటూ ఇటూ ఊగి బెణుకుతుంది.

మన శాస్త్రకారులు ఈ విషయాన్ని ఏనాడో పట్టించుకున్నారు. నందికేశ్వరుడి 'అభినయ దర్పణం'లో తిరుగుళ్లకు భ్రమరులని పేరు. ఏడు రకాలు చెప్పాడాయన. ఉత్ప్లుత, చక్ర, గరుడ, ఏకపాద, కుంచిత, ఆకాశ, అంగ భ్రమరులు. ఇందులో ఏకపాద భ్రమరి అంటే ఒంటికాలి మీద తిరగడం. కుంచిత భ్రమరి అంటే మోకాళ్లు వంచి తిరగడం. కూచిపూడి చేసే అమ్మాయిలు ఇవన్నీ సాధన చేస్తారు. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలో రాసిన 'నృత్త రత్నావళి'లో దేశి నృత్యాల నడుమ కర్రలతో ఆడే దండరాసకం ముచ్చట ఉంది. మన ఊళ్ల కోలాటానికి అది పెద్దక్క అనుకోండి. అంటే ఈ నేలమీద జోడీగా కూడి తిరగడం నిన్నా మొన్నా పుట్టింది కాదన్నమాట.

సరే, ఇక ఇంట్లో సాధన ఎలా చేయాలో చూద్దాం. వంటగట్టు పక్కన నిలబడండి. పడిపోతానని భయం ఉంటే ఒక చేయి గట్టు మీద ఆనించండి. పాదాలు జానెడు ఎడంగా పెట్టండి. మోకాళ్లు బిగించకుండా కొద్దిగా సడలించండి. ఇప్పుడు బరువంతా కుడికాలి మీదికి తీసుకురండి. వచ్చిందో లేదో తెలిసేదెలా? ఎడమకాలు నేలనుంచి ఎత్తి చూడండి. ఒళ్లు ఒరగకుండా ఎడమకాలు తేలిగ్గా లేచిందా, బరువు పూర్తిగా మారినట్టు. లేవడానికి మొరాయించిందా, సగం బరువు ఇంకా దానిమీదే ఉంది. చాలామందికి ఇక్కడే లోపం. నడకలో మనకు తెలియకుండానే బరువు మారుతుంది కానీ, ఆటలో తొందర వల్ల సగం సగం మార్చి తిరుగుతాం. ఆ సగం బరువే మోకాలిని మెలిపెడుతుంది. కుడికి పది, ఎడమకు పది, ఇలా రోజూ బియ్యం ఉడికేలోగా చేయవచ్చు.

అది కుదిరాక పావు తిరుగుడు. కుడివైపు తిరగాలనుకోండి. ముందు కుడికాలు ఎత్తి, బొటనవేలు కుడివైపు చూసేట్టు నేలమీద పెట్టండి. అప్పుడు బరువు దానిమీదికి తెండి. ఎడమకాలు ఖాళీ అయింది కదా, దాన్ని ఎత్తి పక్కకు చేర్చండి. అంతే, పావు చుట్టు తిరిగారు. నాలుగు సార్లు చేస్తే నిండు చుట్టు. దీంట్లో ఎక్కడా పాదం నేలమీద రాపిడి పడలేదు, మోకాలు మెలి తిరగలేదు. ఎప్పుడూ మోకాలూ, బొటనవేలూ ఒకేవైపు చూస్తుండాలి. అవి రెండూ తగవులాడుకున్న తోడికోడళ్లలా చెరోవైపు మొహం తిప్పుకున్నాయా, నొప్పి తప్పదు.

గుళ్లో ఆత్మప్రదక్షిణ చేసేవాళ్లను ఒకసారి గమనించండి. నిలబడ్డ చోటే మూడుసార్లు తిరుగుతారు. కొందరు పెద్దవాళ్లు పాదాలు ఈడ్చుకుంటూ, బండమీద రుద్దుతూ తిరుగుతారు. మూడో చుట్టుకు పక్కనున్న స్తంభం పట్టుకుంటారు. కాలు ఎత్తి పెట్టి, పావు పావుగా తిరిగితే ఆ అవస్థ ఉండదు. చూశారా, సాధనకు వేరే వేళ కూడా అక్కరలేదు, దేవుడి దగ్గరే చేసుకోవచ్చు.

తర్వాత నేల సంగతి. కాలు ఎలా తిప్పాలో నేలే చెబుతుంది. పల్లెలో పేడనీళ్లు చల్లిన మట్టి వాకిలి పాదాన్ని కొంత పట్టుకుంటుంది, కొంత జారనిస్తుంది. అందుకే మన అమ్మమ్మలు ఉత్త కాళ్లతో హాయిగా తిరిగారు. పట్నంలో మనకున్నవి రెండు రకాల నేలలు. ఒకటి అపార్టుమెంటు ముందు సిమెంటు, తారు. ఇది గరుకు. దీనిమీద పాదం తిరగదు, పట్టుకుంటుంది. ఇక్కడ మునిపాదం మీద గిర్రున తిరగబోకండి. చిన్న చిన్న అడుగులు ఎత్తి పెడుతూ తిరగండి. రెండోది ఫంక్షను హాలు పాలరాయి, పలకలు. దీనిమీద పాదం సులువుగా తిరుగుతుంది కానీ, ఆగమంటే ఆగదు. ఇక్కడ అడుగు ఇంకా చిన్నదిగా వేయాలి, బరువు పాదానికి సరిగ్గా పైన ఉండాలి. కాలు దూరంగా చాచి వేశారా, జర్రున జారుతుంది. పూలరెక్కలు, తడి ఆకులు, ఒలికిన నీళ్లు ముందే ఊడ్పించండి. మేజోళ్లతో ఎప్పుడూ ఆడవద్దు. ఎత్తు మడమల చెప్పులు మూల పెట్టండి.

చీర కుచ్చెళ్లు నేలనంటితే ఆట లేదు. చీలమండకు రెండు మూడు అంగుళాలు పైకి కట్టుకోవాలి. కొంగు నడుముకు దోపుకోవాలి. బతుకమ్మ ఆటలో ముందుకు వంగి చప్పట్లు కొట్టి లేస్తాం కదా, కుచ్చెళ్లు వేళ్లకింద పడేది అప్పుడే. వంగినప్పుడు బరువు మునివేళ్ల మీదికి పోకుండా అరికాలి నడిమికి ఉంచుకుంటే, లేచేటప్పుడు నడుము మీద భారం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు ఆటకు వద్దాం. ఒప్పులకుప్ప. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు అడ్డంగా దాటించి, కుడిచేయి కుడిచేతితో, ఎడమచేయి ఎడమచేతితో పట్టుకుని, కాలివేళ్లు దగ్గరగా చేర్చి, వెనక్కి వాలి గిరగిరా తిరిగే ఆట. అట్లతద్దికీ, బొడ్డెమ్మకూ, బతుకమ్మకూ ఆడపిల్లలు తిరిగిన ఆట ఇది. మనదొక్కరిదే అనుకోకండి. పంజాబు ఆడపిల్లలు దీన్ని కిక్లీ అంటారు. మహారాష్ట్రలో, గోవాలో ఫుగడీ అంటారు. పేర్లు వేరు, వెనక్కి వాలడం ఒకటే.

ఆ వెనక్కి వాలడంలోనే కిటుకు ఉంది. ఒంటరిగా అంత వెనక్కి వాలితే వెల్లకిలా పడతాం. ఇద్దరు చేతులు పట్టుకుంటే పడం. ఎందుకని? ఒకరి బరువు ఇంకొకరికి తూకం. కావడి మోసేవాణ్ణి చూశాం కదా, రెండు వైపులా కుండలు సమానంగా ఉంటే కర్ర నిలుస్తుంది. ఒకవైపు కుండ బరువైతే? కర్రను ఆ వైపుకు జరుపుకుని, భుజాన్ని బరువు కుండకు దగ్గర చేసుకుంటాడు. ఇక్కడా అంతే. ఒకరు 60 కిలోలు, ఇంకొకరు 40 కిలోలు ఉన్నారనుకోండి. ఇద్దరి నడుముల మధ్య ఒక మీటరు ఎడం ఉంటే, తిరిగే నడిబిందువు బరువైనావిడకు 40 సెంటీమీటర్ల దూరాన, తేలికైనావిడకు 60 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. అంటే బరువైనావిడ తక్కువ వాలాలి, తేలికైనావిడ ఎక్కువ వాలాలి. పెద్దావిడ తన ఒళ్లంతా వెనక్కి వేసేసిందా, చిన్నపిల్ల గాల్లోకి లేచినంత పని అవుతుంది. వదినా మరదళ్లు ఆడేటప్పుడు నవ్వులతో పాటు కేకలు వినిపించేది ఇందుకే.

ఆ చేతుల మీద ఎంత లాగుడు పడుతుందో తెలుసా? 50 కిలోల మనుషులిద్దరు, ఒకటిన్నర సెకనుకు ఒక చుట్టు చొప్పున గట్టిగా తిరుగుతున్నారనుకుందాం. లెక్కవేస్తే ఆ చేతులమీద పడే లాగుడు ఇంచుమించు ఒక మనిషి బరువంత వస్తుంది. కాబట్టి వేళ్ల కొసలతో సుకుమారంగా పట్టుకుంటే జారిపోతుంది. వేళ్లలో వేళ్లు జొనిపితే ఉంగరాలు కోసుకుంటాయి, వేలు మెలిపడుతుంది. అరచేతులు కలిపి, వేళ్లు కొక్కెంలా వంచి, ఎదుటివారి చేతిని లోపలికి పట్టుకోవాలి. చేతుల్లో చెమట ఉంటే తుడుచుకోవాలి. మట్టిగాజులు నిండా వేసుకున్న చేతితో మణికట్టు పట్టుకుంటే గాజులు చిట్లి గుచ్చుకుంటాయి. ఆట అయ్యేదాకా గాజులు మోచేతి వైపు జరుపుకోండి. చేతులు చాచి ఉంచాలి కానీ మోచేతులు బిగుసుకోకూడదు, కాస్త సడలి ఉండాలి.

ఇక పాదాలు. ఎడమవైపుకు తిరగాలని ఇద్దరూ ముందే మాట అనుకోండి. ఎడమకాలు చిన్నగా పక్కకు పెట్టి, దానిమీద బరువు వేసి, ఖాళీ అయిన కుడికాలిని దాని దగ్గరకు చేర్చాలి. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. ఒక కాలిని ఇంకొక కాలిమీదుగా దాటించకూడదు. దాటించారా, కాలికి కాలు తగిలి ఇద్దరూ కుప్పకూలుతారు. అడుగులు ఎంత చిన్నవైతే ఆట అంత వడిగా సాగుతుంది. పెద్ద పెద్ద అంగలు వేసేవాళ్లు వడిగా తిరగలేరు. చిన్నపిల్లలు మనకంటే బాగా తిరగడానికి కారణం వాళ్ల వయసొక్కటే కాదు, వాళ్ల అడుగులు చిన్నవి.

ఆగడం అన్నిటికన్నా ముఖ్యం. వడిగా తిరుగుతూ ఉన్నట్టుండి నిటారుగా లేచి దగ్గరికి రావద్దు. గిరికీ కొట్టేవాళ్లు చేతులు ముడుచుకుంటే ఇంకా వడి హెచ్చుతుంది. అదే సూత్రం ఇక్కడా. తిరుగుతూ దగ్గరికి వస్తే వేగం పెరుగుతుంది, కాళ్లు అందుకోలేవు. కాబట్టి ముందు అడుగులు నెమ్మది చేయాలి. నాలుగైదు చుట్లలో వేగం చచ్చాక, ఒళ్లు నిటారుగా తెచ్చుకోవాలి. ఆగాక కూడా చేతులు వదలకూడదు. తల కుదురుకునేదాకా ఒకరినొకరు పట్టుకునే ఉండాలి. చాలా దెబ్బలు తిరిగేటప్పుడు కాదు, ఆగి చేతులు వదిలేసిన మరుక్షణాన తగులుతాయి.

ఎందుకంటే తల తిరగడం అప్పుడే మొదలవుతుంది కాబట్టి. ఇదేమిటో తెలుసుకోవాలంటే బిందెడు నీళ్లు తీసుకుని బిందెను తిప్పండి. మొదట బిందె తిరుగుతుంది, నీళ్లు తిరగవు. కొంతసేపటికి నీళ్లు కూడా బిందెతో పాటు తిరుగుతాయి. ఇప్పుడు బిందెను గభాల్న ఆపండి. బిందె ఆగుతుంది, నీళ్లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటాయి. మన చెవి లోపల ఒక్కొక్క వైపు మూడేసి సన్నటి అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి. వాటిలో ఉన్న ద్రవం ఆ బిందెలో నీళ్లలాంటిదే. మనం ఆగినా అది ఆగదు. "ఇంకా తిరుగుతున్నావు" అని చెవి చెబుతుంది. "లేదు, ఆగాను" అని కళ్లు, కాళ్లు చెబుతాయి. ఈ సాక్ష్యాలు కలవక బుర్ర గాభరా పడుతుంది. అదే తల తిరగడం. అంటే అది బలహీనత కాదు, రోగం కాదు, చెవి చేసే మామూలు పని.

చిలుకూరు బాలాజీ గుళ్లో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తాం, తీరాక వచ్చి 108 చేస్తాం. ఎవరికీ తల తిరగదు. అదే ఉన్నచోట మూడుసార్లు తిరిగితే కళ్లు మసకబారుతాయి. తేడా చుట్ల లెక్కలో లేదు. గుడి చుట్టూ నడిచేటప్పుడు తల చాలా నెమ్మదిగా తిరుగుతుంది, చెవిలో ద్రవం కదలిక తెలియనంత తక్కువ. ఉన్నచోట తిరిగితే క్షణాల్లో చుట్టు పూర్తవుతుంది.

దీనికి నాట్యకత్తెలు ఒక ఉపాయం చేస్తారు. ఎదురుగా ఒక గుర్తు పెట్టుకుంటారు. ఒళ్లు తిరుగుతున్నా చూపు గుర్తుమీదే ఉంచి, ఇక నిలపలేమన్నప్పుడు తలను చటుక్కున తిప్పి మళ్లీ అదే గుర్తును పట్టుకుంటారు. ఒంటరిగా తిరిగేవాళ్లకు అది మంచిది. జోడీగా తిరిగేవాళ్లకు గుర్తు వెతుక్కోనక్కరలేదు. ఎదుటి మనిషి ముఖమే గుర్తు. లోకమంతా గిర్రున తిరుగుతుంటే, మీతో పాటు తిరుగుతున్న ఆ ఒక్క ముఖం మాత్రం కదలకుండా కనబడుతుంది. దాన్నే చూస్తూ ఉంటే తల తిరగడం తగ్గుతుంది. ఒప్పులకుప్పలో కిందికి కాళ్లకేసి చూసేవాళ్లకు, చుట్టూ ఉన్న జనంకేసి చూసేవాళ్లకు తొందరగా కళ్లు తిరుగుతాయి. ఆగాక మాత్రం దూరంగా కదలని వస్తువు ఏదైనా, దీపస్తంభమో గోడో, దానిమీద చూపు నిలపండి.

టర్కీ దేశంలోని కోన్యాలో మౌలానా రూమీ మార్గంలో నడిచే మెవ్లెవీ దర్వేషులు తిరిగే ఆరాధన ఒకటి ఉంది. 2008లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లు ఎడమపాదాన్ని ఇరుసు చేసుకుని, కుడిపాదంతో నెట్టుకుంటూ ఎడమవైపుకు తిరుగుతారు. వియన్నా నగరం పేరు చెబితే గుర్తొచ్చే వాల్ట్జ్ నాట్యంలో ఆడా మగా జోడీ మూడు దెబ్బల తాళానికి, ఆరు అడుగుల్లో ఒక నిండు చుట్టు తిరుగుతారు. ప్రతి దెబ్బకూ బరువు ఒక కాలినుంచి ఇంకొక కాలికి మారవలసిందే. దేశాలు వేరు, మతాలు వేరు, బట్టలు వేరు. కాలికీ నేలకూ ఉన్న ఒప్పందం మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

కోలాటం మాటా రెండు ముక్కలు చెబుతాను. కోలాటంలో జోడీ మారుతూ ఉంటుంది. ఎదుటివారి కర్ర మీద దెబ్బ వేసిన వెంటనే తిరిగి కొత్త మనిషికి ఎదురుపడాలి. దెబ్బ పడేటప్పుడే బరువు కూడా కాలిమీద పూర్తిగా పడాలి. తర్వాతే తిరగాలి. తిరుగుతూ తిరుగుతూ కొట్టారా, కర్ర తప్పి వేళ్లమీద పడుతుంది. జడకోలాటంలో అయితే మరీ జాగ్రత్త. పైన కట్టిన తాళ్లు పట్టుకుని, సగంమంది ఒకవైపు, సగంమంది ఎదురువైపు, ఒకరి లోపలినుంచి, ఒకరి బయటినుంచి దాటుకుంటూ పోతే జడ అల్లుకుంటుంది. తిరిగి అదే దారిన వెనక్కి వస్తే విడిపోతుంది. ఒక్కరు తప్పు కాలిమీద బరువు వేసి పక్కకు తిరిగితే చాలు, జడంతా చిక్కుపడుతుంది. అందుకే అందులో అడుగు లెక్క ముందు, పాట తర్వాత నేర్పుతారు.

ఇక తల్లులకు ఒక హెచ్చరిక. ఐదేళ్ల లోపు పిల్లలను చేతులు పట్టుకుని గాల్లో గిరగిరా తిప్పకండి. ముద్దుగానే ఉంటుంది, వాళ్లూ కేరింతలు కొడతారు. కానీ ఆ వయసులో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే నరంలాంటి పట్టీ ఇంకా గట్టిపడి ఉండదు. లాగుడుకు ఎముక పక్కకు జారుతుంది. పిల్ల చేయి కదపక, వేలాడేసి ఏడుస్తుంది. అప్పుడు మీరు నూనె రాసి లాగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. తిప్పాలని మనసైతే చంకల కింద పట్టుకుని నెమ్మదిగా తిప్పండి.

మనలో నలభై అయిదు, యాభై దాటినవాళ్లకు ఇంకో మాట. ముట్లు ఆగిపోయాక ఎముకల్లో సత్తువ తగ్గుతుంది. పడినప్పుడు చేయి నేలకు ఆనిస్తే మణికట్టు విరిగే అవకాశం ఎక్కువ. అంతమాత్రాన ఆట మానుకోమని కాదు, వెనక్కి వాలే ఆట చిన్నవాళ్లకు వదిలి, మనం చిన్న అడుగులతో తిరిగే ఆట పట్టుకోవాలి. ఒంటికాలి మీద బరువు నిలపగలిగే సాధన ఉన్న మనిషి పడటం తక్కువ. రక్తపోటుకు మందులు వాడేవాళ్లు, మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు ఒప్పులకుప్పకు దూరంగా ఉండాలి. పక్కమీద ఒత్తిగిలినా ఇల్లు తిరిగినట్టుండే వాళ్లు ముందు చెవి డాక్టరుకు చూపించుకోవాలి. దానికి మంచి చికిత్స ఉంది.

2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. దీపాలు పెరిగాయి, మైకులు పెరిగాయి, వేదికలు పెరిగాయి. సంతోషమే. కానీ వేదికమీద నలుగురు ఆడుతుంటే నాలుగు వందలమంది కూర్చుని చూసే పండుగ కాదది. అందరూ దిగి ఆడేది. మొయినాబాద్ వైపు ఊరి వాకిట్లో అయినా, ఇక్కడి ఆరో అంతస్తు డాబామీద అయినా, ఆ వలయంలో ప్రతి మనిషికీ చోటుంది. కుర్చీలో కూర్చున్న అత్తగారికీ ఉంది, ఫోను పట్టుకున్న మేనకోడలికీ ఉంది.

పండుగకు ఇంకా రోజులున్నాయి. రేపు పొద్దున పాలు పొంగేలోగా వంటగట్టు పక్కన నిలబడి, ఒక కాలిమీద బరువు వేసి, రెండో కాలు ఎత్తి చూడండి. సాయంత్రం మీ అమ్మాయిని పిలిచి పావు తిరుగుడు నేర్పండి. వారం పోయాక ఇద్దరూ చేతులు పట్టుకుని, నెమ్మదిగా నాలుగు చుట్లు తిరగండి. ఆమె ముఖమే చూస్తూ తిరగండి.